తొలి నవల వచ్చింది, రెండోది కదలడం లేదు. బడి వదిలేయాలా?

సుద్దముక్క (పలాస వైపు) | ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నా పేరూ, నవల పేరూ రాయడం లేదు. రాస్తే ప్రచారం కింద లెక్కకట్టి నిర్వాహకులు తీసేస్తారు. వయసు 44. శ్రీకాకుళం జిల్లాలో, పలాసకు దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. సర్వీసు పందొమ్మిదేళ్లు.

కిందటేడు సంక్రాంతికి నా తొలి నవల అచ్చయింది. రాయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. వేసేవాళ్లు దొరక్క నేనే వేసుకున్నాను. 500 ప్రతులకు 64 వేలు అయింది. వెల 250. ఇప్పటికి 190 అమ్ముడయ్యాయి, 130 పంచిపెట్టాను, తక్కిన 180 మా మంచం కింద ఉన్నాయి. వానలు పడేలోగా వాటిని అటక ఎక్కించమని మా ఆవిడ రోజూ గుర్తు చేస్తోంది. మూడు సమీక్షలు వచ్చాయి, రెండు శాలువాలు కప్పారు.

రెండో నవల మాత్రం ఏడాదిగా పదకొండో పుట దాటలేదు. పొద్దున్నే ఫోనులో హాజరు, మధ్యాహ్నం భోజనాల లెక్క, గుడ్ల ఫొటోలు, సాయంత్రం పదో తరగతికి ప్రత్యేక తరగతులు, వేసవి వస్తే జవాబు పత్రాలు దిద్దడం. రోజంతా మాట్లాడి ఇంటికి వచ్చేసరికి నోట్లోనే మాట మిగలదు, కాగితం మీదకు ఏమి వస్తుంది? వచ్చే ఏడాదికి ఇరవై ఏళ్లు నిండుతాయి. స్వచ్ఛంద విరమణ తీసుకుని పూర్తిగా రాతలోనే ఉండమని హైదరాబాదులో ఉన్న స్నేహితుడు పోరుతున్నాడు. బడి చెబుతూ రాసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఏమంటారు?

లెక్కలపద్దు (విజయనగరం) | ఆదివారం, రాత్రి 10.15

మాస్టారూ, ముందు కాగితం, పెన్సిలు తీసుకోండి. 190 ప్రతులు, ఒక్కొక్కటి 250 చొప్పున 47,500. కొట్ల ద్వారా పోయిన వాటికి నలభై శాతం కమీషను తీసేస్తారు కదా, అన్నీ అలాగే పోయాయనుకుంటే చేతికి వచ్చేది 28,500. పెట్టుబడి 64 వేలు. అంటే మీ నవల ఇంతవరకు 35,500 తిన్నది. ఆ సొమ్ము ఎవరు పెట్టారు? మీ జీతం. మీ నవలను పోషిస్తున్న జమీందారు మీ జీతమే. జమీందారును తరిమేసి కావ్యం రాస్తానంటున్నారు.

ఇంకొకటి. పందొమ్మిదేళ్ల సర్వీసంటే మీరు 2004 సెప్టెంబరు తరువాత చేరినవారే. సీపీఎస్ మీది, అంటే జీతంలోంచి చందా కట్టే కొత్త పింఛను. పాత పింఛను వచ్చే పెద్దలు "ఇరవై ఏళ్లు కాగానే బయటపడ్డాను, హాయిగా ఉన్నాను" అంటే ఆ మాట మీకు వర్తించదు. మీ స్నేహితుడికి ఈ తేడా తెలుసా?

పన్ను సంగతి కూడా చెబుతాను, నవ్వుకోవడానికి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో రచయితల రాయల్టీకి 80-క్యూక్యూబి అని ఒక మినహాయింపు పెట్టారు. ఏడాదికి మూడు లక్షల దాకా. తెలుగు నవల రాసి ఆ మూడు లక్షల గీత దాటిన మనిషిని ఎవరైనా చూపిస్తే నా ఖర్చుతో శాలువా కప్పుతాను.

తుమ్మముల్లు | ఆదివారం, రాత్రి 10.31

అందరూ రాసేవాళ్లే, కొనేవాళ్లు ఏరీ అని అడిగితే నన్ను పోయినసారి వారం రోజులు బయట పెట్టారు. అందుకని అడగను.

మూడులాంతర్లు (విజయనగరం) | సోమవారం, ఉదయం 6.50

జమీందారు పోలిక బాగుంది. గురజాడ వారు కన్యాశుల్కం తొలి ప్రతిని 1897లో అచ్చు వేసినప్పుడు అంకితం ఇచ్చింది ఆనంద గజపతి మహారాజుకే. అంతకుముందు ఆయన ఇక్కడి మహారాజా వారి కళాశాలలో పాఠాలు చెప్పినవారే. మన ప్రాంతంలో రాత ఎప్పుడూ బడిని ఆనుకునే పెరిగింది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడి పంతులు. సవర భాషను పట్టుకున్నదీ, వాడుక భాష కోసం వాదానికి దిగినదీ ఆ ఉద్యోగంలో ఉండగానే. కారా మాస్టారు (కథకులు కాళీపట్నం రామారావు గారు) విశాఖలోని సెయింట్ ఆంథోనీ ఉన్నత పాఠశాలలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి 1979లో విరమించారు. ఆయన పేరు నిలబెట్టిన కథలు ఆ ఏళ్లలోనివే. అసలు తెలుగు నవలే బడి పంతులు చేతిలో పుట్టింది. 1878లో వీరేశలింగం గారు రాజశేఖర చరిత్రము...

తుమ్మముల్లు | సోమవారం, ఉదయం 7.05

1872లో శ్రీరంగరాజ చరిత్రము వచ్చింది. తొలి నవల అదేనని వాదించేవారున్నారు.

మూడులాంతర్లు | సోమవారం, ఉదయం 7.20

వాదించేవారు ఉంటారు. దానికి నవల లక్షణాలు ఎంతవరకు ఉన్నాయన్నది ప్రశ్న. మీరు చదివారా?

తుమ్మముల్లు | సోమవారం, ఉదయం 7.22

మీరు చదివారా?

నూలుపోగు (పొందూరు) | సోమవారం, ఉదయం 8.10

ఇద్దరూ ఆగండి. ఆ పంచాయితీకి వేరే చర్చ తెరుచుకోవచ్చు. నేను ప్రధానోపాధ్యాయురాలిగా విరమించి ఆరేళ్లయింది. పిల్లలు తప్పు చేసినప్పుడు ముందు చెప్పే కారణం అసలు కారణం కాదని ముప్ఫై రెండేళ్లలో నేర్చుకున్నాను.

సుద్దముక్క గారూ, ఒక మాట అడుగుతాను. తొలి నవల రాసిన తొమ్మిదేళ్లూ మీరు ఇదే ఉద్యోగంలో ఉన్నారు కదా. అప్పుడూ జవాబు పత్రాలున్నాయి, ఎన్నికల విధులున్నాయి. తిత్లీ తుఫాను కూడా ఆ ఏళ్లలోనే వచ్చింది. 2018 అక్టోబరులో మీ పలాస వైపు కొబ్బరి చెట్టు నిలబడలేదు, నెల దాకా సరిగా కరెంటు లేదు. అప్పుడు రాశారా, లేదా?

సుద్దముక్క | సోమవారం, రాత్రి 9.05

రాశాను అమ్మా. నిజం చెప్పాలంటే, ఆ నెల రోజుల్లో లాంతరు పెట్టుకుని రాసినంత మరెప్పుడూ రాయలేదు.

అచ్చుతప్పు (శ్రీకాకుళం) | సోమవారం, రాత్రి 9.48

నేను కంప్యూటరు మీద పుస్తకాలు కూర్చేవాణ్ణి, ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఏడురోడ్ల కూడలికి దగ్గరలో చిన్న గది, అందులో నేనూ ఒక పాత ప్రింటరూ. సొంత ఖర్చుతో నవల వేసుకునే మాస్టార్లే నాకు అన్నం పెట్టేది, కాబట్టి బడి మానేయమని నేను చెప్పను. నా స్వార్థం నాది.

మాస్టారు అడగకపోయినా కొన్ని పని మాటలు చెబుతాను, ఎవరికైనా పనికివస్తాయి. మీరు ఫోనులోనో కంప్యూటరులోనో యూనికోడులో టైపు చేసి పంపుతారు. అచ్చుకు మేము దాన్ని 'అను' అనే పేరున్న ఫాంట్లలోకి మారుస్తాం. ఆ మార్పిడిలో వత్తులు జారిపోతాయి, కొన్ని అక్షరాలు పక్కవాటిని మింగేస్తాయి. మీ మూలం తప్పు లేకుండా ఉన్నా అచ్చులో తప్పు వస్తుంది. కాబట్టి మార్చిన తరువాతి ప్రతిని చదవాలి, ముందుదాన్ని కాదు. రచయిత తన ప్రూఫు తాను చూసుకుంటే పని జరగదు. తాను రాయాలనుకున్నదే కళ్లకు కనిపిస్తుంది కానీ అచ్చులో ఉన్నది కనిపించదు.

ఐఎస్‌బీఎన్ సంఖ్యకు డబ్బు కట్టకండి. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది. మధ్యలో ఎవరో మూడు వేలు అడిగితే అది వాళ్ల చాకిరీకి అనుకోండి. పుస్తకాలకు ఉన్న రిజిస్టర్డు బుక్ పోస్టును 2024 డిసెంబరులో తపాలా శాఖ ఎత్తేసింది. దాంతో ఒక్కొక్క ప్రతి పంపేవాళ్ల నడుము విరిగింది. వెల నిర్ణయించేటప్పుడు పంపే ఖర్చు కూడా వేసుకోండి.

ఎవరైనా వినే పుస్తకంగా చేస్తామని కాగితం పంపితే ఆగి చదవండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకని అర్థం. "సకల హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని వాళ్లు రాసి పంపేది అందుకే.

సుద్దముక్క | సోమవారం, రాత్రి 10.02

అలాంటి కాగితం ఒకటి నా దగ్గర ఉంది. సంతకం పెట్టబోయాను. బతికించారు.

లెక్కలపద్దు | మంగళవారం, ఉదయం 9.30

పోటీలకు పంపారా? అమెరికా తెలుగు సంఘాలు అప్పుడప్పుడు నవలల పోటీలు పెడతాయి కదా. కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం యాభై వేలు.

తుమ్మముల్లు | మంగళవారం, ఉదయం 9.41

యువ పురస్కారానికి ముప్ఫై అయిదేళ్లు దాటకూడదు. మాస్టారికి 44. తొమ్మిదేళ్లు రాసింది దాదాపు ఆ తొమ్మిదేళ్లే అన్నమాట.

సుద్దముక్క | మంగళవారం, రాత్రి 11.20

తుమ్మముల్లు గారి లెక్క నేను ఇంతవరకు వేసుకోలేదు. నవ్వొచ్చింది.

నూలుపోగు అమ్మగారు అడిగిన దగ్గర నుంచి నిద్ర పట్టడం లేదు. సమయం లేదన్నది అబద్ధం కాదు, కానీ అదొక్కటే కాదు. రాస్తాను.

నా నవలలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉంటుంది. పద్యం చదవమంటే పుస్తకం బల్ల మీద పెట్టి, చేతులు చున్నీలో దాచుకుని చదువుతుంది. మాస్టారు గద్దిస్తాడు. పిల్ల చేతులు తీసి చూపిస్తుంది. జీడి రసం తగిలి వేళ్ల కొసల తోలు పొరలుగా లేచి, నల్లబడి ఉంటుంది. సాయంత్రాలు తల్లితో కలిసి జీడిపిక్కలు కొట్టడానికి వెళుతుంది. సమీక్షలు రాసిన ముగ్గురూ ఆ ఘట్టాన్నే ఎత్తి రాశారు. రెండు శాలువాలూ దానికే అనుకోండి.

ఆ పిల్ల కల్పన కాదు. పదేళ్ల కిందట నా తరగతిలో మూడో వరుసలో కూర్చునేది. పేరు మార్చాను, కులం మార్చాను, అన్నను తమ్ముణ్ణి చేశాను. చేతులు మార్చలేదు.

నిరుడు జూలైలో, మధ్యాహ్నం బడి దగ్గరకు ఆ పిల్ల తల్లి వచ్చింది. ఆమెకు చదువు రాదు. పక్కింటి కుర్రవాడు పుస్తకం తెచ్చి చదివి వినిపించాడట. గుమ్మం బయటే నిలబడింది. తిట్టలేదు. "మాస్టారూ, మా పిల్ల చేతులు ఊరంతటికీ చూపించారు కదా" అంది. లోపలికి రమ్మన్నాను, రాలేదు. వెళ్లిపోయింది.

పదకొండో పుట దగ్గర ఆగిపోయింది ఆ వారమే. రెండో నవలలోనూ ఒక పిల్లవాడున్నాడు. అతనిదీ ఒక నిజమైన ముఖం. రాయడానికి కూర్చుంటే గుమ్మం దగ్గర ఎవరో నిలబడినట్టు ఉంటుంది.

ఉప్పుగాలి (బారువ, ప్రస్తుతం బెంగళూరు) | బుధవారం, ఉదయం 7.15

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మాదీ ఉద్దానం. మా అత్త చేతులూ అలాగే ఉంటాయి. ఆ పిల్ల చేతులు చూసిన రోజు మీరు ఏమి చేశారు? ఎవరికైనా చెప్పారా? తొమ్మిదో తరగతి అంటే పద్నాలుగేళ్లు.

మూడులాంతర్లు | బుధవారం, ఉదయం 7.40

ఇది అన్యాయమైన ప్రశ్న. రచయిత పని రాయడం. రావిశాస్త్రి గారు న్యాయవాది. కోర్టు వరండాలో చూసిన మనుషులే ఆయన సారా కథల నిండా ఉన్నారు. వాళ్లందరి అనుమతీ తీసుకుని రాసి ఉంటే ఆ కథలు ఉండేవా?

నూలుపోగు | బుధవారం, ఉదయం 8.05

ఆ పోలిక నాకు కుదరలేదు. వకీలు దగ్గరకు వచ్చేవాళ్లు పెద్దవాళ్లు, తమ గోడు చెప్పుకోవడానికే వస్తారు. బడిపిల్ల చేతులు దాచుకుంది. మాస్టారు గద్దించాడు కాబట్టి తీసింది. అడిగింది మాస్టారి అధికారం, రాసుకుంది రచయిత. రెండూ ఒకే మనిషి కావడం దగ్గరే ఈ మెలిక ఉంది. మామూలు నవలాకారుడికి ఈ చిక్కు లేదు, మామూలు పంతులుకూ లేదు.

నేనూ ఏమంత గొప్పదాన్ని కాదు. నేను రాయలేదు, అంతే. చూసి ఊరుకున్నవి నా దగ్గర చాలా ఉన్నాయి.

సుద్దముక్క | బుధవారం, రాత్రి 9.30

ఉప్పుగాలి గారూ, ఎవరికీ చెప్పలేదు. చెబితే తల్లికి పని పోతుందని అనుకున్నాను. అది నిజమే కావచ్చు, నేను అల్లుకున్నదీ కావచ్చు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి నోటు పుస్తకంలో రాసుకున్నాను. చాలా బాగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం ఇప్పుడు గుర్తొస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఉప్పుగాలి | బుధవారం, రాత్రి 9.52

చెప్పినందుకు సంతోషం. నేనయితే కోపంగా ఇంకొకటి రాయడానికి సిద్ధంగా ఉన్నాను, ఇప్పుడు రాయలేకపోతున్నాను.

తుమ్మముల్లు | బుధవారం, రాత్రి 10.10

ముల్లు అని పేరు పెట్టుకున్నాను కానీ నిజంగా అడుగుతున్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది? మనమందరం ఆమె తల్లి మాట గురించే మాట్లాడుతున్నాం. ఆమె చదివిందా?

సుద్దముక్క | బుధవారం, రాత్రి 10.40

పది పాసయింది, ఇంటర్ చేసింది. శ్రీకాకుళంలో నర్సింగు చదివి అక్కడే పనిచేస్తోందని విన్నాను. చదివిందో లేదో తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది.

నూలుపోగు | బుధవారం, రాత్రి 10.55

ఆదివారం సెలవు ఉంటుంది కదా, మీకూ ఆమెకూ. పుస్తకం ఒకటి పట్టుకుని వెళ్లండి. శాలువా వద్దు.

నిర్వాహకుడు | గురువారం, ఉదయం 10.00

ఊరి పేరు, వీధి పేరు ఊహిస్తూ రాసిన రెండు స్పందనలు తొలగించాను. దయచేసి ఆ పని చేయకండి.

సుద్దముక్క | ఆదివారం, రాత్రి 8.15

వెళ్లి వచ్చాను. అమ్మాయి ఇంట్లోనే ఉంది. ముందుగా ఫోను చేసి అడిగాను, రమ్మంది.

చదివిందట. అచ్చయిన నెలకే శ్రీకాకుళంలో ఎవరి దగ్గరో తీసుకుని చదివిందట. తల్లి బడి దగ్గరకు వచ్చిన సంగతి తనకు తరువాత తెలిసిందంది. నేను తీసుకెళ్లిన పుస్తకం తెరిచి, ఆ పుట నేరుగా తీసి నా ముందు పెట్టింది. నేను మంచినీళ్లు అడిగాను.

"ఇది తప్పు మాస్టారూ" అంది. క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచాను. "సుత్తి అని రాశారు. పిక్క కాల్చి కొట్టేది అమ్మ చిన్నప్పుడు. నా కాలానికి ఉడకబెట్టి మిషను మీద కోసేవాళ్లం. కాలితో తొక్కితే కత్తి పడుతుంది. కాల్చిన పిక్కలో రసం చాలావరకు పోతుంది, ఉడకబెట్టిన దానిలో ఉండిపోతుంది. అందుకే చేతులు అలా అయ్యాయి. మీరు రాసిన సుత్తితో అయితే అలా కావు." తొమ్మిదేళ్లు రాశాను, జీడి పరిశ్రమ ముందు నుంచే రోజూ బడికి వెళుతున్నాను. లోపలికి ఒక్కసారి వెళ్లి చూడలేదు.

ఇంకొకటి కూడా చెప్పింది. "ఆ పిల్ల ఏడ్చినట్టు రాశారు. నేను ఏడవలేదు. మీరు ఏడ్చారేమో నాకు తెలియదు."

తీసేయమంటావా అని అడిగాను. కాసేపు ఆలోచించింది. చేతులు ఉండనివ్వమంది. సుత్తి, ఏడుపు, వాళ్ల వీధి పేరు, ఈ మూడూ తీసేయమంది. వీధి పేరు నేను నవలలో మార్చాననే అనుకున్నాను. ఒక చోట జారిపోయింది, ఏ సమీక్షకుడికీ కనపడలేదు, వాళ్లకు కనపడింది.

రెండో నవల గురించి అడిగింది. పిల్లవాడి సంగతి చెప్పాను. "వాడికి ముందే చెప్పండి" అంది.

తల్లి నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వచ్చేటప్పుడు పావుకిలో జీడిపప్పు బద్ద కావాలని అడిగితే తూకం వేసి ఇచ్చింది. డబ్బులు పూర్తిగా తీసుకుంది, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

విరమణ కాగితం సంగతి ఇప్పుడు చూడను. అచ్చుతప్పు గారూ, మంచం కింద ఉన్న 180 ప్రతులను ఇలాగే అమ్మడం నాకు ఇష్టం లేదు. అవి మడిచిన అచ్చు కాగితాలుగా, విడి ఫారాలుగానే ఉన్నాయి, ఇంకా కుట్టించలేదు. నవల మొత్తం మళ్లీ వేయాలంటే నా వల్ల కాదు. ఆ మూడు తప్పులూ ఒకే పుటలో ఉన్నాయి, 118.

లెక్కలపద్దు | ఆదివారం, రాత్రి 8.40

ఖర్చు ఎంతయినా సగం నాది. శాలువా కోసం పక్కన పెట్టిన డబ్బు ఎలాగూ మిగిలిపోయేలా ఉంది.

అచ్చుతప్పు | ఆదివారం, రాత్రి 9.12

కుట్టించకపోవడమే మంచిదయింది. ఫారానికి 16 పుటలు. 118 ఎనిమిదో ఫారంలో పడుతుంది, 113 నుంచి 128 దాకా. ఆ ఒక్క ఫారం మళ్లీ వేసి, పాతది తీసి, కొత్తది పెట్టి కుడితే సరిపోతుంది. దిద్దిన పుటలో పంక్తుల సంఖ్య మారకుండా చూసుకోండి, లేకపోతే 119 కదులుతుంది. ప్రూఫు మీరు చూడకండి. ఆ అమ్మాయికి పంపండి.